తడి చెత్తతో గ్యాస్: గోదావరి డెల్టా పట్టణాల్లో ఎవరికి ఏ ప్లాంటు సరిపోతుంది

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుల్లో, హోటల్ నడిపేవాళ్ల మాటల్లో, మున్సిపల్ కౌన్సిల్ చర్చల్లో ఈ మధ్య ఒకటే ప్రశ్న వినిపిస్తోంది. తడి చెత్త నుంచి గ్యాస్ తీద్దామా, తీస్తే ఇంటి స్థాయిలోనా, అపార్ట్‌మెంట్ స్థాయిలోనా, లేక ఊరంతటికీ ఒకే పెద్ద ప్లాంటా? అమ్మేవాళ్లు తమ దగ్గరున్నదే గొప్పంటారు కాబట్టి వాళ్లను అడిగి లాభం లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చెత్త పుట్టే చోటు, గ్యాస్ మండే పొయ్యి ఒకే ప్రహరీ లోపల ఉంటే బయోగ్యాస్ కళ్లు మూసుకుని పెట్టుకోవచ్చు. ఆ రెండూ దూరమయ్యే కొద్దీ ఖర్చు, చిక్కు, పని ఆగిపోయే అవకాశం పెరుగుతూ పోతాయి. కింద రాసిందంతా ఈ మాట మీ విషయంలో ఎంతవరకు నిజమో మీరే తేల్చుకోవడానికి.

ముందు నాలుగు లెక్కలు

గాలి తగలని తొట్టిలో తడి చెత్తను పులియబెడితే సూక్ష్మజీవులు దాన్ని విడతలవారీగా విరగ్గొడతాయి. ముందు పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు కరుగుతాయి, తర్వాత ఆమ్లాలు అవుతాయి, చివరికి మీథేన్ వస్తుంది. ఆమ్లం చేసే జీవులు చురుకైనవి, మీథేన్ చేసేవి నిదానం. ఒక్కసారిగా ఎక్కువ చెత్త వేస్తే ఆమ్లం పేరుకుపోయి తొట్టి మొత్తం పులిసిపోతుంది, గ్యాస్ ఆగిపోతుంది. ఈ పనికి 30 నుంచి 38 డిగ్రీల వేడి బాగా పడుతుంది. మన డెల్టాలో ఏడాదిలో చాలా నెలలు ఆ వేడికి దగ్గరగానే ఉంటాయి కాబట్టి, చలి ప్రాంతాల్లోలా తొట్టిని వేడి చేసే ఖర్చు చిన్న ప్లాంట్లకు ఉండదు.

వచ్చే గ్యాస్‌లో మీథేన్ 55–65 శాతం ఉంటుంది, మిగతాది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. కిలో అన్నం, కూర మిగులు నుంచి సుమారు 100 లీటర్ల గ్యాస్ వస్తుంది. నీరెక్కువ ఉన్న కూరగాయల తుక్కు అయితే 50–60 లీటర్లు, పేడ అయితే 40 లీటర్లే. వెయ్యి లీటర్లు, అంటే ఒక ఘనపు మీటరు బయోగ్యాస్, వంటలో 450 గ్రాముల ఎల్‌పీజీకి సమానం. కరెంటుగా మారిస్తే అదే గ్యాస్ నుంచి ఒకటిన్నర నుంచి రెండు యూనిట్లు వస్తాయి. ఈ అంకెలు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, ఏ సేల్స్‌మన్ వచ్చినా పనికొస్తాయి.

ఏ ప్లాంటైనా అడగాల్సిన ప్రశ్నలు

మొదటిది, చెత్తను ఎవరు వేరు చేస్తారు? ప్లాస్టిక్ కవర్లు, బ్లేడ్లు, డైపర్లు కలిసిన చెత్త తొట్టిలోకి వెళ్తే ఎంత ఖరీదైన ప్లాంటైనా మొరాయిస్తుంది. లక్నోలో 2003లో రోజుకు 300 టన్నుల చెత్తతో 5 మెగావాట్ల కరెంటు తీయాలని ప్లాంటు కట్టారు. వేరుచేయని చెత్త రావడంతో అది కొద్దికాలానికే మూతపడింది. ఇండోర్‌లో 2022 ఫిబ్రవరిలో మొదలైన 550 టన్నుల ప్లాంటుకు ముందే అక్కడ ఇంటింటా చెత్త వేరుచేసే అలవాటు ఏళ్లతరబడి పాతుకుపోయి ఉంది. ఈ రెండింటికీ తేడా ఎక్కడుందో నన్నడిగితే యంత్రం కంటే ముందు ఇంటి గుమ్మం దగ్గరే ఉందంటాను.

రెండోది, గ్యాస్ ఎవరు వాడతారు? మూడోది, చెత్త రోజూ ఒకే మోతాదులో వస్తుందా? నాలుగోది, బయటికొచ్చే స్లర్రీ, అంటే పులిసిన చెత్త నీళ్లు, ఎక్కడికి పోతుంది? వేసిన ప్రతి కిలోకూ నీళ్లు కలుపుతాం కాబట్టి అంతకు మించి స్లర్రీ బయటికొస్తుంది, అందులో తొంభై శాతం పైగా నీరే. అయిదోది, రోజూ దాన్ని చూసుకునే మనిషి ఎవరు, పేరు చెప్పగలరా? ఆరోదాన్ని మన ప్రాంతం కోసం ప్రత్యేకంగా చేర్చాను. మీ నేల ఎలాంటిది?

డెల్టా నేల గురించి, కొంచెం వివరంగా

బయోగ్యాస్ గురించి వచ్చే సలహాల్లో చాలావరకు మెట్ట ప్రాంతాల అనుభవం మీద చెప్పినవే. ఇక్కడ నాలుగడుగులు తవ్వితే నీళ్లొచ్చే ఊళ్లు ఎన్నో. భూమిలో కట్టే దీనబంధు రకం గుమ్మటం తొట్టి వానాకాలంలో ఖాళీ చేస్తే కింద నుంచి నీళ్లు పైకి తోస్తాయి, కట్టడం పగులుతుంది, లేదా మొత్తం పైకి లేస్తుంది. నల్లరేగడి నేలయితే వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది, ఇటుక గోడలో వెంట్రుకంత పగులొచ్చినా గ్యాస్ పోతుంది. అందుకని అమలాపురం, పాలకొల్లు, నరసాపురం లాంటి చోట్ల నేలపైన పెట్టే ఫైబర్ లేదా ప్లాస్టిక్ ట్యాంకులే మేలని నా అభిప్రాయం. వాటిని కూడా ఎత్తైన సిమెంటు దిమ్మ మీద పెట్టి గట్టిగా కట్టాలి. దిమ్మ ఎత్తు ఎంతో తేల్చుకోవడానికి 1986 ఆగస్టు వరదలోనూ 2022 జులైలోనూ మీ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పెద్దవాళ్లను అడగండి. బెలూన్ రకం చవకే కానీ తుఫాను గాలికి ఆగదు, పైన కప్పు, చుట్టూ కంచె లేకుండా తీసుకోకండి.

ఇనుప డ్రమ్ము తేలే పాత ఖాదీ కమిషన్ రకం డిజైన్ మంచిదే. కాకినాడ, అంతర్వేది వైపు ఉప్పుగాలికి ఆ డ్రమ్ముకు తుప్పు త్వరగా పడుతుంది, ఏటా రంగు వేసే ఓపిక లేకపోతే ఫైబర్ డ్రమ్ము తీసుకోండి. నీళ్ల సంగతి కూడా చూడాలి. భీమవరం, నరసాపురం చుట్టుపక్కల బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. ఉప్పు బాగా ఎక్కువైతే మీథేన్ చేసే జీవులు నీరసిస్తాయి, పైగా మన ఎంగిలాకుల్లో ఊరగాయ ఎలాగూ ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు మంచినీళ్లకే కటకట, అప్పుడు ప్లాంటుకు నీళ్లెక్కడ తెస్తారు? స్లర్రీ నుంచి తేరిన నీళ్లనే తిరిగి చెత్తలో కలుపుకునే ఏర్పాటు ఉంటే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది. అయితే అదే నీళ్లు తిరుగుతూ ఉంటే ఉప్పు కూడా పేరుకుంటుంది కాబట్టి మధ్యమధ్యలో కొంత కొత్త నీరు మార్చాల్సిందే.

ఒక్క చూపులో

| ఎవరికి | రోజుకు తడి చెత్త | రోజుకు గ్యాస్ | దాంతో అయ్యే పని | అసలు చిక్కు |
|---|---|---|---|---|
| ఒక ఇల్లు | 1 కిలో | 100 లీటర్లు | ఒక బర్నర్ 12–15 నిమిషాలు | గ్యాస్ చాలదు |
| 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ | 25 కిలోలు | 2.5 ఘనపు మీటర్లు | నెలకు రెండు ఇంటి సిలిండర్లకు పైగా | గ్యాస్ ఎవరికివ్వాలి |
| హాస్టల్, హోటల్, నిత్యాన్నదానం | 100 కిలోలు | 10 ఘనపు మీటర్లు | నెలకు ఏడు 19 కిలోల సిలిండర్లు | సెలవులు, రద్దీ రోజులు |
| కూరగాయల మార్కెట్ | 1 టన్ను | 50–60 ఘనపు మీటర్లు | 75–120 యూనిట్ల కరెంటు | ఇంజన్ నిర్వహణ |
| కొన్ని పట్టణాలకు కలిపి | 100 టన్నులు | శుద్ధి చేశాక 3 టన్నుల సీబీజీ (ఒత్తిడితో బిగించిన బయోగ్యాస్) | బండ్లకు ఇంధనం | వేరుచేయడం, రవాణా |

ఇంటికి ఒక్కటి

నలుగురున్న ఇంట్లో తొక్కలు, మిగిలిన అన్నం అన్నీ కలిపినా కిలో దాటదు. ఏడాదంతా శ్రద్ధగా వేస్తే దాదాపు ఒక సిలిండర్, కాస్త ఎక్కువ ఆదా అవుతుంది, అంతే. పెరడు ఉండి, రెండు గేదెలు ఉంటే కథ మారుతుంది, పేడ కలిస్తే వంటంతా దీంతోనే అవుతుంది. గేదెలున్న ఇల్లు టౌను అంచునే కనిపిస్తుంది కదా. గేదెల్లేని టౌను ఇంటికి నేను మేడ మీద రెండు కంపోస్ట్ డ్రమ్ములే చెబుతాను. గ్యాస్ రాదు, నిజమే, కానీ ఖర్చు తక్కువ, పది రోజులు ఊరెళ్లినా పాడైపోయేదేమీ లేదు, మొక్కలకు ఎరువొస్తుంది. గ్యాస్ తీయడమే ఇష్టమై, రోజూ గరిటె పట్టుకుని ముక్కలు తరిగి వేసే ఓపిక ఉన్నవాళ్లు మాత్రం నిస్సంకోచంగా పెట్టుకోండి, పిల్లలకు దీన్ని మించిన సైన్స్ పాఠం లేదు.

అపార్ట్‌మెంట్

ఇక్కడ చెత్త సరిపడా ఉంటుంది, చూసుకోవడానికి వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది, చిక్కల్లా గ్యాస్ పంపకంలో వస్తుంది. రోజుకు రెండున్నర ఘనపు మీటర్లను నలభై ఫ్లాట్లకు పైపులేసి పంచడం అర్థంలేని పని. ఒత్తిడి చాలదు, పైప్‌లైన్ ఖర్చే ప్లాంటు ఖర్చును మించుతుంది. ఆ గ్యాస్‌ను వాచ్‌మన్ ఇంటికి ఇచ్చేయండి. ఆ ఇంటికి వంట గ్యాస్ ఖర్చు తగ్గుతుంది, ప్లాంటు బాగుండాలన్న పట్టుదల ఉన్న మనిషి మీకు దొరుకుతాడు. అయితే ఇది అదనపు పని కాబట్టి గ్యాస్ ఇస్తున్నామని జీతంలో కోత పెట్టకండి, పైగా కొంత కలిపి ఇవ్వాలి. పారిశుద్ధ్యం పని చేసేవాళ్ల శ్రమను ఉచితంగా లెక్కేసుకుని వేసే అంచనాలన్నీ తప్పే.

2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో రోజుకు వంద కిలోలకు మించి చెత్త వచ్చేవాళ్లను భారీ ఉత్పత్తిదారులుగా చెప్పారు. తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే శుద్ధి చేసుకోమన్నారు. చిన్న అపార్ట్‌మెంట్‌కు ఆ ఒత్తిడి ఉండకపోవచ్చు, రాజమహేంద్రవరం, కాకినాడల్లోని పెద్ద గేటెడ్ సముదాయాలకు మాత్రం తప్పదు.

స్లర్రీ విషయం మీటింగ్‌లోనే తేల్చుకోండి. రోజుకు యాభై లీటర్లు వస్తే మీ మొక్కలు తాగలేవు. కడియం నర్సరీలకు దగ్గర్లో ఉన్నవాళ్లు, చుట్టూ కొబ్బరి, అరటి తోటలున్నవాళ్లు ఎవరో ఒక రైతుతో ముందే మాట్లాడుకోవచ్చు. ఆ దారి లేనప్పుడు అది మురుగు కాలువలోకి పోతుంది, అక్కడి నుంచి పంట కాలువలోకి. అలాంటి ప్లాంటు పెట్టకపోవడమే మంచిది.

హాస్టల్, హోటల్, అన్నదానం

నా దృష్టిలో మన ప్రాంతంలో బయోగ్యాస్ అసలు చోటు ఇదే. వండే చోటే మిగులుతుంది, మిగిలిన చోటే మళ్లీ వండుతారు. వాడేది కమర్షియల్ సిలిండర్, కిలో ధర ఇంటి సిలిండర్ కంటే బాగా ఎక్కువ, కాబట్టి ఆదా అయిన ప్రతి కిలోకూ విలువ ఎక్కువ. వంటవాళ్లు రోజూ ఉంటారు. వేరుచేయడం కూడా వంటగదిలోనే అయిపోతుంది, కాకపోతే ప్లాస్టిక్ పూత ఉన్న ప్లేట్లు, గ్లాసులు మానేసి అరటాకుకో స్టీలు కంచానికో రావాలి. వంద కిలోల చెత్తతో నెలకు ఏడు సిలిండర్లు అన్నది నేను పైన వేసిన లెక్క. ఆచరణలో అయిదు వచ్చినా గిట్టుబాటే.

మోతాదు ఎగుడుదిగుడు ఇక్కడ పెద్ద పరీక్ష. భీమవరం కాలేజీ హాస్టళ్లు సంక్రాంతికి ఖాళీ, వేసవిలో ఖాళీ. వాడపల్లి గుడిలో శనివారం జనం పోటెత్తుతారు, మిగతా రోజుల్లో ఆ రద్దీ ఉండదు. కల్యాణ మండపం సంగతి మరీను. ముహూర్తాలున్న వారం వేల విస్తళ్లు లేస్తాయి, మూఢం వచ్చినా ఆషాఢం వచ్చినా నెలతరబడి పిల్లి కూడా ఉండదు. తొట్టిలోని జీవులకు పంచాంగం తెలియదు. రోజూ ఇరవై కిలోలు తినేదానికి ఒక్క రాత్రి మూడు వందల కిలోలు వేస్తే పులిసి ఆగిపోతుంది. అందుకే ఒంటరి కల్యాణ మండపానికి సొంత ప్లాంటు వద్దనే చెబుతాను. పక్కనే ఉన్న హోటల్ ప్లాంటుకు కొంచెం కొంచెంగా ఇచ్చే ఒప్పందం, లేదా కంపోస్ట్ మేలు. గుడికైతే శనివారం మిగులును నిల్వ తొట్టిలో ఉంచి వారమంతా పంచి వేసుకునే పద్ధతి పెట్టుకోవాలి. హాస్టల్‌కు సెలవుల్లో రోజూ బకెట్టు పేడ, కూరగాయల మార్కెట్ నుంచి బుట్టెడు తుక్కు చాలు, జీవులు బతికుంటాయి.

ఏం వేయకూడదో వంటగది గోడ మీద రాసి పెట్టండి. బొండాల డొక్కలు, కొబ్బరి పీచు, ఊక ఈ తొట్టిలో నెలలు గడిచినా కరగవు, అడుగున చేరి చోటు తింటాయి. ఎముకలు, గుడ్డు పెంకులు, మామిడి టెంకలు కూడా అంతే. నూనె, ఊరగాయ, నిమ్మ తొక్కలు కొద్దిగానైతే పర్వాలేదు. రొయ్యల తలలు, చేపల పొట్టల్లో మాంసకృత్తులు ఎక్కువ, గ్యాస్ బాగానే వస్తుంది గానీ మోతాదు మించితే అమ్మోనియా పెరిగి తొట్టి మందగిస్తుంది, కుళ్లిన గుడ్ల వాసన కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఎక్కువవుతుంది. ఆ వాయువు బర్నర్‌ను తినేస్తుంది కాబట్టి గ్యాస్ దారిలో ఇనుప రజను నింపిన గొట్టం తప్పనిసరి, రజను నల్లబడి పనిచేయడం మానేశాక మార్చాలి. చికెన్ వ్యర్థాలు నిషేధం ఉన్నా చేపల చెరువులకు పోతున్నాయి. వాటిని కూడా కూరగాయల తుక్కుతో కలిపి పులియబెట్టే దారి ఉంది, కాకపోతే అది అనుభవమున్న పెద్ద ప్లాంటు పని, హోటల్ వెనకాల చేసేది కాదు.

మార్కెట్ ప్లాంటు, కరెంటు

హైదరాబాద్ బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పరిజ్ఞానంతో ప్లాంటు పెట్టారు. పది టన్నుల తుక్కు నుంచి రోజుకు సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంట ఇంధనం అని 2021లో చెప్పారు. అంటే టన్నుకు 50 యూనిట్లు, ఆ పైన కాస్త ఇంధనం. కాగితం మీద వేసే 75–120 యూనిట్ల కంటే నడిచే ప్లాంటు చెప్పే లెక్కనే నమ్మండి. రావులపాలెం అరటి మార్కెట్, కడియపులంక పూల మార్కెట్ లాంటి చోట్ల రోజూ ఒకే రకం తుక్కు, ప్లాస్టిక్ తక్కువ, కాబట్టి ముడిసరుకు పరంగా ఇవి చక్కని చోట్లు. అరటి బోదెలను మాత్రం సన్నగా తురిమి వేయాలి. గ్యాస్ ఇంజన్‌కు హైడ్రోజన్ సల్ఫైడ్ పడదు, మెకానిక్ దొరకకపోతే ఒక్క సీలు పోయినా నెల ఆగుతుంది. పక్కనే క్యాంటీనో అన్న వితరణో ఉంటే కరెంటు జోలికి పోకుండా గ్యాస్‌ను పొయ్యికే ఇవ్వడం లాభం, ఎందుకంటే ఇంజన్‌లో సగానికి పైగా శక్తి వేడిగా పోతుంది.

ఊళ్లన్నీ కలిసి ఒక పెద్ద ప్లాంటు

గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ తీసేసి మీథేన్‌ను 90 శాతానికి పైగా చేసి, సిలిండర్లలో బిగించి బండ్లకు వాడేదే సీబీజీ. 2018 అక్టోబరు 1న కేంద్రం మొదలుపెట్టిన సతత్ పథకం కింద చమురు కంపెనీలు దీన్ని కొంటాయి. ఇండోర్ ప్లాంటు 550 టన్నుల నుంచి 17 టన్నుల సీబీజీ అని ప్రకటించింది, అంటే టన్నుకు 31 కిలోలు. భీమవరానికి 2011 జనాభా లెక్కల్లో లక్షా నలభై వేల పైచిలుకు జనం. మనిషికి 400 గ్రాముల చెత్త, అందులో సగం తడి అనుకుంటే రోజుకు 28 టన్నులు, సీబీజీ సుమారు 850 కిలోలు. శుద్ధి యంత్రాలు, కంప్రెసర్, అనుమతులు అన్నీ కలిపి చూస్తే ఒక్క ఊరికి ఇది బరువే. పాలకొల్లు, నరసాపురం, తణుకు, తాడేపల్లిగూడెం చేరితే అర్థం ఉంటుంది. కానీ తడి చెత్తను ముప్పై కిలోమీటర్లు మోయడమంటే నీళ్లను మోయడమే. కాబట్టి ఏ ఊరి కౌన్సిలర్ అయినా సంతకం పెట్టే ముందు ఒక పని చేయాలి. ఒక వార్డులో మూడు నెలలు తడి చెత్త విడిగా తీసుకుని, అందులో ఎంత శాతం నిజంగా తడి చెత్తో తూకం వేయించాలి. ఆ పరీక్షలో నెగ్గని ఊరు కంపోస్ట్‌తో మొదలుపెట్టడం మంచిది.

డంపింగ్ యార్డుల్లోంచి గ్యాస్ లాగుదామన్న ప్రతిపాదన కూడా అప్పుడప్పుడూ వస్తుంది. మన యార్డులు లోతు లేని, పైన మట్టి కప్పని గుట్టలు, వానకు తడిసి ఎండకు అంటుకునేవి. అక్కడ గ్యాస్ పట్టడం కుదరదు. తడి చెత్తను కాల్చి కరెంటు తీయడం కూడా దండగ, అందులో నీరు ఆవిరి కావడానికే వేడి సరిపోతుంది.

భయం గురించి

కోనసీమలో గ్యాస్ అనగానే గుండెల్లో రాయి పడుతుంది. 1995లో పాశర్లపూడి బ్లోఅవుట్ రెండు నెలలకు పైగా మండింది, 2014 జూన్ 27న నగరం అనే ఊళ్లో పైప్‌లైన్ పేలి జనం చనిపోయారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు, తేడా చెప్పాలి. డ్రమ్ము, బెలూన్ ప్లాంట్లలో ఒత్తిడి ఎల్‌పీజీ రెగ్యులేటర్ దాటి పొయ్యికొచ్చే ఒత్తిడి కంటే కూడా తక్కువ. బయోగ్యాస్ గాలికంటే తేలిక, లీకయితే పైకి పోతుంది, ఎల్‌పీజీలా నేలమీద పరుచుకోదు. అయినా మూసిన గదిలో చేరితే అంటుకుంటుంది, కాబట్టి ట్యాంకు ఆరుబయటే ఉండాలి. సీబీజీ మాత్రం 200 బార్‌కు పైబడిన ఒత్తిడిలో ఉంటుంది, దానికి పేలుడు పదార్థాల భద్రతా సంస్థ లైసెన్సు, జనావాసాలకు దూరం తప్పనిసరి. ఇక అన్నిటికంటే ముఖ్యం, ట్యాంకు శుభ్రం చేయడానికి మనిషిని లోపలికి దింపకూడదు. సెప్టిక్ ట్యాంకులో ప్రాణాలు తీసే వాయువే ఇక్కడా ఉంటుంది.

లీకుల్ని పట్టించుకోకపోతే పర్యావరణం పేరుతో పెట్టిన ప్లాంటే హాని చేస్తుంది. వందేళ్ల లెక్కలో మీథేన్ వేడిని పట్టి ఉంచే గుణం కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లు పైనే. నెలకోసారి గొట్టాల కీళ్ల మీద సబ్బు నీళ్లు పూసి బుడగలొస్తాయేమో చూడండి.

కొనే ముందు

వారం రోజులు మీ తడి చెత్తను తూకం వేయండి, పైన చెప్పిన అంకెలతో గ్యాస్ లెక్కేయండి, అమ్మేవాళ్లు దానికి రెట్టింపు చెబితే లేచి వచ్చేయండి. ఏడాదికి మించి నడుస్తున్న ప్లాంటు ఒకటి మన డెల్టాలోనే చూపించమనండి, వానాకాలంలో వెళ్లి చూడండి. బయోగ్యాస్‌కు రంధ్రం పెద్దదిగా ఉన్న వేరే బర్నర్ కావాలి, అది ధరలో కలిసిందో లేదో అడగండి. మొదట్లో పేడ నీళ్లతో తొట్టి నింపి రెండు నుంచి నాలుగు వారాలు ఆగాలి. తొలి గ్యాస్‌లో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ కాబట్టి మండదు, ప్లాంటు పనిచేయడం లేదని కంగారుపడి చెత్త గుమ్మరించకండి. ఒప్పందంలో గ్యాస్ మీటర్ తప్పక పెట్టించుకోండి, ఆఖరి వాయిదా డబ్బు మూడు నెలల రీడింగ్ చూశాకే ఇస్తామని రాయించండి.